ఆ ఫోన్ నెంబరు మీకెవరిచ్చారు? విజయవాడ, గుంటూరు విద్యాసంస్థల యాజమాన్యాలకు, విద్యాశాఖ అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

పదో తరగతి చదివే పిల్లలున్న ఇంట్లో సంక్రాంతి దాటితే ఫోనుకు తీరిక ఉండదు. "మీ బాబు ఫలానా స్కూలే కదండీ, ఎంపీసీయా బైపీసీయా? ఈ వారంలో సీటు రిజర్వు చేసుకుంటే ఫీజులో రాయితీ" అని ఒక గొంతు. అది పెట్టేసేలోపు ఇంకో కాలేజీ నుంచి ఇంకో గొంతు. పిల్లాడి పేరు, సెక్షను, తండ్రి పేరు, ఒక్కోసారి ప్రీఫైనల్ మార్కులతో సహా వాళ్ల దగ్గర ఉంటాయి. "మా నెంబరు మీకెలా వచ్చింది?" అని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు: "డేటా ఉందండీ."

ఆ "డేటా ఉందండీ" గురించే ఈ లేఖ. దీనిమీద ఇంతకుముందు అర్జీలు పెట్టాం. రసీదు ఇచ్చారు, సంబంధిత విభాగానికి పంపామన్నారు. కొన్నాళ్లకు "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఫోన్లు మాత్రం ఆగలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం.

మేం బడి రికార్డులతోనో, కాలేజీ సాఫ్ట్‌వేర్‌తోనో, ఈ చట్టాలతోనో రోజూ పనిచేసేవాళ్లం. జాబితా ఎక్కడ పుడుతుంది, ఎలా చేతులు మారుతుంది, ఎక్కడ అడ్డుకోవచ్చు అన్నది తెలిసి రాస్తున్నాం. పిల్లల వివరాలను జాగ్రత్తగా చూసుకునే బడులు రెండు నగరాల్లోనూ ఉన్నాయి. వాటికి ఈ లేఖతో పేచీ లేదు.

జాబితా పుట్టే మొదటి చోటు బడే. పరీక్షకు నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పంపే రోజుల్లో పిల్లాడి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, కులం, పుట్టుమచ్చలు, ఆధార్ అన్నీ ఒకే షీటులోకి చేరతాయి. తప్పులు దిద్దడం కోసం ఆ షీటు క్లాసు టీచరు నుంచి కంప్యూటర్ ఆపరేటరుకు, అక్కణ్నుంచి బయట నెట్ సెంటరుకు వాట్సాప్‌లో తిరుగుతుంది. సరిచూడాల్సింది ఇద్దరు ముగ్గురు. షీటు మిగిలిపోయేది పదిమంది ఫోన్లలో. ఆ పదిమందిలో ఎవరో ఒకరికి ఏదో ఒక కాలేజీ పీఆర్వో (అడ్మిషన్లు తెచ్చిపెట్టే మనిషి) తెలిసే ఉంటాడు.

రెండోది కాలేజీలు బడుల్లో పెట్టే టాలెంట్ టెస్ట్. ఉచితం, గెలిస్తే ఫీజు రాయితీ, మెడల్, స్టేజి మీద ఫొటో. ఓఎంఆర్ షీటు దిద్దే యంత్రానికి తండ్రి ఫోన్ నెంబరుతో పనేముంది? అయినా పేరు తర్వాతి గడి అదే. కొన్నింటిలో "ఏ గ్రూపు తీసుకుంటావు", "నాన్నగారు ఏం చేస్తారు" అన్న ప్రశ్నలూ ఉంటాయి. పిల్లలు పరీక్ష రాశామనుకుంటారు, నిజానికి అడ్మిషన్ ఎంక్వయిరీ ఫారం నింపి వస్తారు. తల్లిదండ్రుల సంతకం ఎక్కడా ఉండదు. మా ఉద్దేశంలో ఇది జాబితా దొంగతనం కంటే పెద్ద తప్పు. దొంగతనంలో కనీసం బడివాళ్లు కళ్లు మూసుకుంటారు, ఇక్కడ వాళ్లే పీరియడ్ ఖాళీ చేసి పిల్లల్ని కూర్చోబెడతారు.

మూడోది రిఫరెన్స్. "మీకు తెలిసిన పదో తరగతి పిల్లల పేర్లు, నెంబర్లు ఐదు రాయండి" అని చేరిన పిల్లాడి చేతే రాయిస్తారు. ఇంజినీరింగ్ సీట్ల కాలంలోనూ ఇదే తంతు, కాకపోతే జాబితాలో ర్యాంకు అదనం.

సంస్థ నేరుగా జాబితా కొనదు. కొనే మనిషికి టార్గెట్ ఇస్తుంది, అడ్మిషన్ లెక్కన కమిషన్ ఇస్తుంది. చేతికి మట్టి అంటదు, పని మాత్రం జరిగిపోతుంది.

దీనివల్ల మామూలు ఇళ్లలో ఏం జరుగుతోందో చూడండి.

1. కాలేజీ ఫోను విసుగు తెప్పించి ఊరుకుంటుంది. అదే షీటు ఇంకో చేతిలో పడితే వచ్చే ఫోను వేరు. "మీ అబ్బాయిని పోలీసులు పట్టుకున్నారు, కేసు లేకుండా చూడాలంటే వెంటనే డబ్బు వెయ్యండి." "మీ పాపకు స్కాలర్‌షిప్ మంజూరైంది, ఓటీపీ చెప్పండి." ఇలాంటి మోసాలు దేశమంతా ఉన్నాయి. నమ్మించేది దొంగ గొంతు కాదు, వాడి చేతిలో ఉన్న వివరం. పిల్లాడి పూర్తి పేరు, బడి, సెక్షను, హాస్టల్ చెప్పగలిగినవాణ్ని మిర్చి యార్డులో మూటలు మోసే తండ్రి ఎలా అనుమానిస్తాడు? ఆటోనగర్ షెడ్డులో చప్పుడు మధ్య ఫోనెత్తిన తండ్రి కాలేజీకి తిరిగి ఫోన్ చేసి కనుక్కునే స్థిమితంలో ఉంటాడా? డబ్బు వెళ్లిపోతే గంట కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. ఖాతాలు మారేకొద్దీ దాన్ని ఆపే అవకాశం తగ్గిపోతుంది. ఆ నెంబరు ఎన్ని బడుల నోటీసు బోర్డు మీద ఉంది?

2. జాబితాలో ఉన్నది తండ్రి నెంబరే అనుకోవద్దు. ఆన్‌లైన్ క్లాసుల కాలం నుంచి చాలా ఇళ్లలో బడికిచ్చిన నెంబరు పిల్ల చేతిలో ఉన్న ఫోనుదే. దానికి ఫొటో, హాస్టల్ బ్లాకు, బస్సు రూటు తోడైతే వెంటపడేవాడికి ఇంకేం కావాలి? ఫిర్యాదు చేయడం కంటే చదువు మాన్పించడం తేలికని ఇంట్లో అనుకునే ప్రమాదం ఉంది. అప్పుడు తప్పు చేసినవాడు బాగానే ఉంటాడు, పుస్తకాలు మూసేది ఆ పిల్ల.

3. ఫీజు బాకీల జాబితా క్లాసు వాట్సాప్ గ్రూపులో పడుతుంది. ఎవరెంత కట్టాలో నలభై ఇళ్లకు తెలుస్తుంది. కులం గడి ఉన్న షీటూ అలాగే. మర్నాడు క్లాసులో ఏం జరుగుతుందో టీచర్లకు మేం చెప్పనక్కర్లేదు.

4. హాజరుకు వేలిముద్రల యంత్రం పెట్టిన సంస్థలున్నాయి. యంత్రం ముద్ర బొమ్మను దాస్తోందా, దాన్నుంచి తయారుచేసిన టెంప్లేటును దాస్తోందా? అది యంత్రంలోనే ఉంటుందా, అమ్మిన కంపెనీ సర్వరుకు పోతుందా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల ప్రిన్సిపాల్ అరుదు. 2018లో తెలంగాణలో ఆస్తి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది ముద్రల నుంచి నకిలీ వేలిముద్రలు తయారుచేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. కాగితం మీది ముద్రతోనే అంత పని జరిగింది. పదిహేనేళ్ల పిల్లాడి వేలు రేపు బ్యాంకు ఖాతాకూ అదే వేలు.

5. పాత దరఖాస్తులు, ఆధార్ జిరాక్సులు, మార్కుల షీట్లు ఏడాదికోసారి కిలోల లెక్కన పాత కాగితాల కొట్టుకు వెళ్తాయి. బజ్జీల పొట్లం విప్పితే ఎవరిదో కుల ధ్రువీకరణ పత్రం కనబడుతుంది.

"డేటా చట్టం ఇంకా అమల్లోకి రాలేదు కదా" అని యాజమాన్యాలకు సలహాలిచ్చేవాళ్లు అంటున్నారు. అందులో సగమే నిజం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి కాదని 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పు చెప్పింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సంస్థల బాధ్యతలకు సంబంధించిన ప్రధాన భాగానికి ఆ నియమాలు 18 నెలల గడువిచ్చాయి, అంటే 2027 మే దాకా. గడువిచ్చింది సర్దుకోవడానికి. ఉన్న జాబితాలను ఈలోపు అమ్ముకోవడానికి కాదు.

ఆ చట్టంలో మీకు సూటిగా తగిలేవి ఇవి. 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే, కాబట్టి ఇంటర్ విద్యార్థులు దాదాపు అందరూ అందులోకి వస్తారు. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే సరిచూడదగిన రీతిలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. సమ్మతి అడిగే నోటీసును తెలుగులో చదువుకునే వీలు కల్పించాలి. వివాదం వస్తే సమ్మతి తీసుకున్నామని నిరూపించుకోవాల్సింది సంస్థే, తీసుకోలేదని నిరూపించాల్సిన పని తల్లికి లేదు. సంస్థ తరఫున డేటాను వాడే బయటి ఏజెన్సీ తప్పు చేసినా జవాబుదారీ సంస్థదే, కనుక "ఆ పీఆర్వో మా ఉద్యోగి కాదు" అన్న మాట చెల్లదు. పిల్లల విషయంలో బాధ్యత తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా, భద్రతా ఏర్పాట్లు లేక వివరాలు బయటపడితే 250 కోట్ల దాకా ఉంది. విద్యాసంస్థలకు మినహాయింపు ఉందంటారు. ఉంది. తమ దగ్గర చేరిన పిల్లల చదువు, భద్రత కోసం చేసే పరిశీలనకు మాత్రమే. చేరని పిల్లాడి ఇంటికి ఫోన్ చేయడం అందులోకి రాదు.

ఈలోపు చట్టమే లేదా అంటే, అదీ కాదు. ఒప్పందం ప్రకారం చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని అక్రమ లాభం కోసం బయటపెడితే ఐటీ చట్టం 72ఎ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. అదే చట్టం 43ఎ ప్రకారం వేలిముద్రలు, ఆరోగ్య వివరాలు, బ్యాంకు వివరాల వంటి సున్నిత సమాచారాన్ని నిర్లక్ష్యంగా ఉంచి నష్టం కలిగిస్తే పరిహారం కట్టాలి. అయితే పేరు, ఫోన్ నెంబరు ఆ సున్నిత సమాచారం నిర్వచనంలోకి రావు. కొత్త చట్టం పూర్తిగా అమలైతే 43ఎ కూడా పోతుంది. కొత్త జరిమానాలేమో భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు, జమవుతాయి, నష్టపోయిన ఇంటికి రూపాయి రాదు. ఇది చట్టంలో పెద్ద లోటనే మా అభిప్రాయం. పోయాక వచ్చేదేమీ లేదు గనకే, పోకుండా చూడమని మిమ్మల్ని అడుగుతున్నాం.

యాజమాన్యాల నుంచి కోరేవి:

6. ఫోన్ చేసిన మనిషి మొదటి మాటల్లోనే సంస్థ పేరు, నెంబరు ఎక్కడ దొరికిందో చెప్పాలి. వద్దంటే జాబితాలోంచి తీసేయాలి. సొంత పదంకెల సిమ్ములతో ప్రచార ఫోన్లు చేయించడం ఇప్పటికే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలకు విరుద్ధం, వాటికి 140తో మొదలయ్యే నెంబర్లున్నాయి. తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి లేని పాత జాబితాలన్నీ చెరిపేసి, చెరిపిన తేదీని నోటీసు బోర్డులో పెట్టాలి.

7. టాలెంట్ టెస్ట్ ఓఎంఆర్ షీటులో ఫోన్ గడి తీసేయాలి. ఫలితాన్ని రోల్ నెంబరుతో బడిలోనే ప్రకటించవచ్చు. రాయితీ కావాలనుకున్న తల్లిదండ్రులు వాళ్లే మీ దగ్గరకు వస్తారు. బడి యాజమాన్యాలు కూడా ఈ గడి ఉన్న షీటును లోపలికి రానివ్వకూడదు.

8. నామినల్ రోల్స్ దిద్దుబాటుకు షీటు తిప్పనక్కర్లేదు. ఒక్కో పిల్లాడి వివరాలు ఒక్కో చీటీగా ప్రింట్ తీసి ఇంటికి పంపండి, సంతకంతో తిరిగొచ్చాక ఒకే కంప్యూటరులో, ఒకే మనిషి దిద్దాలి. ఎక్సెల్‌లో కాలమ్‌లు దాచడం దాచడం కాదు, రెండు నొక్కులతో బయటికొస్తాయి. షీట్ ప్రొటెక్షన్ కూడా తాళం కాదు. ఫైలు తెరవడానికే పాస్‌వర్డ్ పెడితేనే లోపలి వివరాలు ఎన్‌క్రిప్ట్ అవుతాయి. ఆ పాస్‌వర్డును ఫైలు పంపిన చాట్‌లోనే పంపితే తాళంచెవి తలుపుకే తగిలించినట్టు, ఫోన్లో చెప్పాలి. తప్పక కాపీ ఇవ్వాల్సివస్తే ప్రతి కాపీలో ఒక కల్పిత విద్యార్థి పేరు, మీ దగ్గరున్న వేరే సిమ్ నెంబరుతో చేర్చండి, కాపీకో పేరు చొప్పున. ఆ సిమ్ముకు అడ్మిషన్ ఫోను వచ్చిన రోజున, ఏ పేరు అడిగారో దాన్నిబట్టి ఏ కాపీ బయటికి పోయిందో తెలుస్తుంది. బోర్డుకు అప్‌లోడ్ చేసే ఫైలులో మాత్రం ఆ పేరు ఉండకూడదు, అది తీసేయడం మర్చిపోతే లేని పిల్లాడికి హాల్‌టికెట్ వస్తుంది.

9. ఆన్‌లైన్ రసీదు లింకు చివర 1045 అన్న అంకెను 1046 చేస్తే పక్క పిల్లాడి రసీదు తెరుచుకుంటుందేమో మీరే ఒకసారి చూడండి. తెరుచుకుంటే సాఫ్ట్‌వేర్ వాళ్లను పిలిచి, లాగిన్ అయిన మనిషికి తన రసీదు తప్ప ఇంకేదీ కనపడకుండా చేయించండి. అంకె స్థానంలో పొడుగాటి అక్షరాల గుంపు పెట్టి చేతులు దులుపుకుంటే చాలదు. పాస్‌వర్డుగా పుట్టిన తేదీ ఇవ్వడం మానాలి, క్లాసులో అందరి పుట్టినరోజులూ అందరికీ తెలుసు. ఆఫీసులో అందరూ ఒకే అడ్మిన్ ఐడీ వాడితే ఎవరు డౌన్‌లోడ్ చేశారో ఎప్పటికీ తేలదు, మానేసి వెళ్లిన క్లర్కు దగ్గరా అది పనిచేస్తూనే ఉంటుంది. గూగుల్ ఫారంలో ఫలితాల సారాంశం చూపించే సెట్టింగ్ తెరిచి ఉంటే, ఫారం నింపిన ప్రతి ఒక్కరికీ మిగతావాళ్ల జవాబులు కనిపిస్తాయి. తల్లిదండ్రుల గ్రూపు బదులు వాట్సాప్ కమ్యూనిటీలోని అనౌన్స్‌మెంట్ గ్రూపు వాడితే నెంబర్లు ఒకరివి ఒకరికి కనపడవు. ఫీజు బాకీ అడగాలంటే ఆ ఇంటికి మాత్రమే మెసేజ్ పెట్టండి.

10. బెంజి సర్కిల్ నుంచి శంకర్ విలాస్ సెంటర్ దాకా ర్యాంకుల ఫ్లెక్సీలు. ఫొటో, పూర్తి పేరు, హాల్‌టికెట్ నెంబరు, మార్కులు. ఎంపికైన అభ్యర్థి పేరు, ఫొటో వాడుకోవాలంటే ఫలితం వచ్చాకే రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని కోచింగ్ ప్రకటనలపై 2024 నవంబరు నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. అడ్మిషన్ ఫారం వెనకాల చిన్న అక్షరాల్లో ముందే రాయించుకున్న సమ్మతి చాలదు. మాది కాలేజీ, కోచింగ్ కాదంటారా? అదే ప్రాంగణంలో జేఈఈ, నీట్ శిక్షణకు వేరే ఫీజు వసూలు చేస్తూ ఆ మాట అనలేరు. హాల్‌టికెట్ నెంబరును మాత్రం ఎవరు ఒప్పుకున్నా వేయకండి.

11. ఆధార్ తప్పదనుకున్న చోట చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. కాపీ మీద "ఫలానా పనికి మాత్రమే" అని తేదీతో రాయించండి. హాజరుకు కార్డు చాలు, వేలు అక్కర్లేదు.

12. అడ్మిషన్ రిజిస్టరు, టీసీ వివరాలు ఉండాల్సిందే, వాటిని ఎవరూ కాదనరు. ఎంక్వయిరీకి వచ్చి చేరని పిల్లల ఫారాలను నెల రోజులకు మించి ఉంచకండి. కాగితాలను ముక్కలు చేసే యంత్రంలో వేశాకే పాత కాగితాలవాడికి ఇవ్వాలి, నిలువుగా మాత్రమే చీల్చే యంత్రం కంటే అడ్డంగా కూడా కత్తిరించేది మేలు. పాత కంప్యూటర్లు అమ్మేముందు హార్డ్ డిస్క్ తీసేయండి. ఫైళ్లు డిలీట్ చేస్తే చెరిగిపోవు.

అధికారుల నుంచి కోరేవి:

13. ఈసారి నామినల్ రోల్స్ మొదలయ్యేలోపు, విద్యార్థుల వివరాలు బడి బయటికి ఇవ్వరాదని, టాలెంట్ టెస్టుల్లో ఫోన్ నెంబర్లు సేకరించరాదని రెండు జిల్లాల్లోనూ రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. తనిఖీకి వెళ్లినప్పుడు భవనం, ల్యాబు చూసినట్టే ఆఫీసు కంప్యూటరులో ఎన్ని లాగిన్లున్నాయో కూడా చూడాలి.

14. ప్రభుత్వ పోర్టళ్ల నుంచి జాబితాలు ఏ లాగిన్‌తో, ఏ రోజు, ఎన్నిసార్లు డౌన్‌లోడ్ అయ్యాయో లెక్క బయటపెట్టాలి. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం మినహాయింపును 2025 నవంబరులో విస్తరించారు. దాన్ని చూపించి మా దరఖాస్తులను తిప్పి పంపవద్దు. మేం అడిగేది పిల్లల వివరాలు కాదు, వాటిని ఎవరు ముట్టుకున్నారన్నది. హాల్‌టికెట్ నెంబర్లు బడివారీగా వరసగా ఉంటాయి కాబట్టి, నెంబరు ఒక్కటే అడిగే ఫలితాల పేజీ ఎక్కడున్నా దానికి పుట్టిన తేదీ, కాప్చా (అడిగేది ప్రోగ్రాము కాదు, మనిషేనని తేల్చే చిన్న పరీక్ష) కూడా జోడించాలి. లేకపోతే చిన్న ప్రోగ్రాముతో ఒక రాత్రిలో జిల్లా మొత్తం మార్కులు తోడేయొచ్చు.

15. ఫిర్యాదుదారుతో మాట్లాడకుండా ఏ అర్జీనీ "పరిష్కరించబడింది" అని మూసేయకూడదు.

తల్లిదండ్రులకు ఒక్క సూచన. ఎంక్వయిరీ ఫారాల్లో మీ పేరును ఒక్కోచోట ఒక్కో రకంగా రాయండి: ఒకచోట వెంకట, ఇంకోచోట వెంకట్. సర్టిఫికెట్లకు వెళ్లే ఫారాల్లో మాత్రం వద్దు. ఫోన్ చేసినవాడు మిమ్మల్ని ఏ పేరుతో పిలిచాడో రాసుకోండి, జాబితా ఎక్కడిదో అదే చెబుతుంది. ఫోన్ వచ్చిన ఏడు రోజుల్లోపు ప్రచార ఫోన్లపై ఫిర్యాదుల నెంబరు 1909కి గానీ ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో గానీ ఫిర్యాదు చేయండి.

నామినల్ రోల్స్ మొదలయ్యేలోపు ఒక్కో అంశానికి రాతపూర్వకంగా జవాబివ్వాలని యాజమాన్యాలను, అధికారులను కోరుతున్నాం. ఏది చేస్తారు, ఏ తేదీకి చేస్తారు, చేయలేనిది ఎందుకు చేయలేరు, ఈ మూడూ రాస్తే చాలు. జవాబుతో పాటు పిల్లల జాబితాలేవీ జతచేసి పంపవద్దని మనవి.

ఇట్లు,
విజయవాడ, గుంటూరు నగరాల్లో విద్యార్థుల రికార్డులతో పనిచేసే కొందరు